స్టేడియానికి బస్సేది? గేటు తాళం ఎవరిది?

అమరావతిలో అంతర్జాతీయ స్థాయి క్రీడానగరం కడతామని, దానికి 2,500 ఎకరాలు కావాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రతిపాదించింది. మరో విడత భూసమీకరణకు చెప్పిన కారణాల్లో విమానాశ్రయంతో పాటు ఇదీ ఒకటి. "ఆటల గొడవ రైతు సంఘానికెందుకు?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. భూమి మనది కాబట్టి. భూమి ఇచ్చిన ఊళ్ల పిల్లలు రేపు ఆ గేటు లోపల పరుగెత్తుతారా, గేటు బయట శనక్కాయలు అమ్ముకుంటారా అన్నది కూడా మన గొడవే కాబట్టి.

ఆటలకు మనం వ్యతిరేకం కాదు. మన పిల్లలు కబడ్డీ ఆడిందీ, పరుగు నేర్చిందీ పంట కోసిన చేలల్లోనే. అయితే స్టేడియం పేరుతో భూమి అడిగినప్పుడల్లా రెండు ప్రశ్నలు తప్పకుండా వేయాలి. ఒకటి, అక్కడికి వెళ్లడానికీ, చీకటి పడ్డాక తిరిగి రావడానికీ బస్సు ఉందా? రెండు, మ్యాచ్ లేని రోజు గేటు తెరుస్తారా, తెరిస్తే ఎవరికి? ఈ రెంటికీ కాగితం మీద జవాబు లేకపోతే దాన్ని ప్రజా ప్రయోజనం అనడానికి వీల్లేదు.

ఇది నా సొంత వాదన కాదు. 2013 భూసేకరణ చట్టం 2వ సెక్షన్‌లో ప్రజా ప్రయోజనాల జాబితా ఉంది. అందులో క్రీడా ప్రాజెక్టులూ ఉన్నాయి. అదే చట్టం 4వ సెక్షన్, భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అధ్యయనం జరగాలంటుంది. ఆ అధ్యయనంలో ఏమేం చూడాలో కూడా రాసింది: బాధిత కుటుంబాల జీవనోపాధి, రోడ్లు, ప్రజా రవాణా, తాగునీరు, పశువుల నీటి వనరులు, పచ్చిక బయళ్లు, రేషన్ దుకాణాలు, బడులు, అంగన్‌వాడీలు, శ్మశానాలు. ప్రజా రవాణా అన్న మాట చట్టంలోనే ఉంది. తర్వాత రాష్ట్రాలు సవరణలు తెచ్చి కొన్ని ప్రాజెక్టులను ఈ అధ్యయనం నుంచి తప్పించే దారి వేసుకున్నాయి. దాని మీద పోరాటం వేరే సాగుతోంది.

భూసమీకరణ సంగతి ఇంకోరకం. అది ఒప్పందం మీద నడిచే వ్యవహారం కాబట్టి ఈ అధ్యయనం బాధ్యత వాళ్ల మీద పడదు. కాగితంలో రాసిందే హక్కు, రాయనిది వట్టి మాట. 2015లో 29 గ్రామాల రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. 9.3 అంగీకార పత్రం, 9.14 ఒప్పందం అంటే ఏమిటో ఆ ఊళ్లలో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. మెట్టకు ఎన్ని గజాలు, జరీబుకు ఎన్ని గజాలు, ఏటా కౌలు ఎంత అన్నది రాసుకున్నారు. రాజధానిలో కట్టే సౌకర్యాల్లో ఆ ఊళ్లకు దక్కే వాడకం హక్కు గురించి మాత్రం ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదు. పైగా అప్పటి ప్రణాళికలోని తొమ్మిది నగరాల్లో క్రీడానగరం కూడా ఒకటి. మరి దానికి చూపిన భూమి ఏమైంది, కొత్తగా ఇంత భూమి ఎందుకు కావాలి అన్న లెక్క ముందు ఊరి సభలో చెప్పాలి.

ఇక బస్సు. మణిపూర్‌లో మీరాబాయి చాను పుట్టిన నాంగ్‌పోక్ కక్‌చింగ్ గ్రామానికీ, ఆమె శిక్షణ పొందిన ఇంఫాల్‌లోని ఖుమన్ లంపక్ క్రీడాప్రాంగణానికీ మధ్య దూరం ఇరవై కిలోమీటర్లకు పైనే. రోజూ చార్జీలు పెట్టుకునే స్తోమత ఇంట్లో లేదు. ఇసుక లారీల డ్రైవర్లు ఎక్కించుకెళ్లి దించేవాళ్లు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచి వచ్చాక ఆమె దాదాపు 150 మంది లారీ డ్రైవర్లను, సహాయకులను పిలిచి భోజనం పెట్టి సత్కరించింది. ఆ డ్రైవర్ల మంచితనానికి దండం పెట్టాలి. కానీ లారీ దొరక్క ఇంటి దగ్గరే ఆగిపోయిన ఆడపిల్లలు ఎందరో ఎవరు లెక్కపెట్టారు? ఏ ఆడపిల్లను కన్నవాళ్లు ధైర్యంగా లారీ ఎక్కించి పంపగలరు?

మన దగ్గర ఇప్పుడు టికెట్ సమస్య లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలవుతోంది. మంచి పథకం. అయితే టికెట్ ఉచితమైతే సరిపోదు, బస్సు ఉండాలి కదా. బడి వదిలాక సాయంత్రం అయిదింటికి మైదానానికి వెళ్లిన పిల్ల ఏడున్నరకు తిరుగు ప్రయాణం కట్టాలి. ఆ వేళకు ఎన్ని ఊళ్లకు పల్లెవెలుగు ఉంది? ఒకప్పుడు రాత్రికి ఊళ్లోనే ఆగి తెల్లవారి మొదటి ట్రిప్పు వేసే నైట్‌హాల్ట్ బస్సులుండేవి. ఆ బస్సులోనే కూరగాయల గంపలూ, కాలేజీ పిల్లలూ కలిసి వెళ్లేవారు. అవి ఒక్కొక్కటే పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులు. స్టేడియం కట్టేదీ, బస్సు నడిపేదీ ఒకే ప్రభుత్వం అయినప్పుడు ఈ రెండు పనులకూ పొత్తు కుదరకపోవడానికి కారణం ఏమిటి?

హైదరాబాద్ అనుభవం చూడండి. ఉప్పల్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 2005 నవంబరులో జరిగింది. పక్కన స్టేడియం పేరుతోనే ఉన్న మెట్రో స్టేషన్ తెరిచింది 2017 నవంబరులో. మధ్యలో పన్నెండేళ్లు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి స్టేడియం గేటు దాకా ఈనాటికీ మెట్రో రాలేదు. ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రి మెట్రో ఆలస్యంగా నడుస్తుంది, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. అంటే తలుచుకుంటే అవుతుంది. మ్యాచ్ చూసేవాళ్లకు చేయగలిగింది, రోజూ సాధన చేసే పిల్లలకు చేయలేరా?

నష్టం వస్తుందంటారు. జర్మనీలో 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో మ్యాచ్ టికెట్టే ఆ రోజు స్థానిక బస్సుకూ, రైలుకూ టికెట్. అక్కడి క్లబ్ మ్యాచ్‌లకూ చాలా చోట్ల ఇదే పద్ధతి. ప్రయాణ ఖర్చు మ్యాచ్ టికెట్‌లోనే కలిపి రవాణా సంస్థకు కడతారు. వేల రూపాయలు పెట్టి మ్యాచ్ చూసేవాళ్ల టికెట్ నుంచి కొద్ది మొత్తం తీసి ఆర్టీసీకి ఇస్తే, ఆ డబ్బుతో చుట్టుపక్కల ఊళ్లకు సాయంత్రం బస్సు నడపొచ్చు.

రెండో ప్రశ్న గేటు తాళం. 2022 మే నెలలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో క్రీడాకారులను రాత్రి ఏడింటికల్లా బయటికి పంపేస్తున్నారని, ఆ తర్వాత ఒక ఐఏఎస్ అధికారి తన కుక్కను అక్కడ నడిపిస్తున్నారని పత్రికల్లో వచ్చింది. గొడవయ్యాక అధికారిని బదిలీ చేశారు. స్టేడియాలు రాత్రి పది దాకా తెరిచి ఉంచాలని ఢిల్లీ ప్రభుత్వం ఆదేశించింది. దేశ రాజధానిలో పరిస్థితి అది. మా వైపు ఒక మినీ స్టేడియం ఉంది. శిలాఫలకం మీద పేర్లన్నీ చక్కగా చెక్కి ఉన్నాయి. జెండా పండుగ రోజుల్లో, నాయకులొచ్చిన రోజుల్లో తెరుస్తారు. మిగతా రోజుల్లో పిల్లలు గోడ దూకుతారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుగా ఉంటుంది.

అందరినీ రానిస్తే పిచ్ పాడవుతుందన్నది వాళ్లు చెప్పే జవాబు. పిచ్‌కూ గడ్డికీ విశ్రాంతి కావాలి, అది మనం ఒప్పుకోవాల్సిందే. పంట భూమికి తెలియని సంగతి కాదు. కానీ పరుగు ట్రాక్, సాధన నెట్లు, వ్యాయామశాల, మరుగుదొడ్లు, పార్కింగ్ జాగా పిచ్ కాదు కదా. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ 1853 నాటిది, దాదాపు లక్ష మంది కూర్చోవచ్చు. వేసవిలో అక్కడ క్రికెట్, చలికాలంలో వాళ్ల ఫుట్‌బాల్. నడిచి వెళ్లేంత దూరంలో రిచ్‌మండ్, జోలిమాంట్ రైల్వే స్టేషన్లున్నాయి. ఒక్క నేలలో రెండు పంటలు తీస్తున్నారు. ఇక్కడ మాత్రం ఒక్కో ఆటకు వేరే జాగా, ఒక్కో జాగాకు వేరే ఊరి భూమి.

పంచుకోవడం అంటే ఆటలొక్కటే కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు గచ్చిబౌలి క్రీడాప్రాంగణంలోని పెద్ద భవనాన్ని ఆసుపత్రిగా మార్చారు. వరదలు, తుపాన్ల కాలంలో ఇలాంటి భవనాలు ఆశ్రయం కావాలి. కోతల రోజుల్లో వడ్లు ఆరబోయడానికి చోటు లేక రైతులు రోడ్డెక్కుతున్నారు, రాత్రుళ్లు ప్రమాదాలు జరుగుతున్నాయి. స్టేడియాల చుట్టూ ఎకరాలకొద్దీ సిమెంటు పరిచిన పార్కింగ్ జాగాలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీ. మ్యాచ్ లేని రోజుల్లో వాటిని కళ్లాలుగా, వారపు రైతు బజారుగా ఎందుకు ఇవ్వకూడదు?

"స్టేడియం వస్తే మీ భూముల ధర పెరుగుతుంది కదా" అంటారు. పెరుగుతుంది, అమ్ముకునేవాడికి. కౌలురైతుకు ధరతో పని లేదు, సాగే పోతుంది. కూలీకి పని పోతుంది. ప్లాట్ల కాగితం వాళ్ల చేతికి రాదు. వాళ్ల పిల్లలకు దక్కేదల్లా ఆ బస్సూ, ఆ తెరిచిన గేటూ. అందుకే వాటి మీద మనం మరింత పట్టుబట్టాలి.

మన సంఘం ముందు పెట్టాల్సిన డిమాండ్లు ఇవని నా అభిప్రాయం:

1. ఇప్పటికే ఉన్న స్టేడియాలు ఏడాదికి ఎన్ని రోజులు, ఎవరికి వాడకంలో ఉన్నాయో లెక్క బయటపెట్టాలి. ఆ తర్వాతే కొత్త భూమి మాట.

2. భూసేకరణైనా, సమీకరణైనా సామాజిక ప్రభావ అధ్యయనం చేసి గ్రామసభలో చదివి వినిపించాలి.

3. స్టేడియం తెరిచిన రోజు నుంచే చుట్టుపక్కల గ్రామాలకు ఉదయం, రాత్రి బస్సులు నడపాలి. మ్యాచ్ టికెట్‌లో రవాణా వాటా పెట్టాలి.

4. ట్రాక్, సాధన మైదానాలు రోజూ ఉదయం, సాయంత్రం ప్రభుత్వ బడుల పిల్లలకు, గ్రామాల యువతకు ఉచితంగా తెరవాలి. వేళలు గేటు మీద రాయాలి.

5. నిర్వహణ కమిటీలో భూమి ఇచ్చిన రైతుల, కౌలురైతుల, వ్యవసాయ కూలీల ప్రతినిధులు ఉండాలి.

ఇవన్నీ ఒప్పంద పత్రంలోకి ఎక్కాలి. వేదిక మీద మంత్రిగారి నోటిమాట చాలదు. సంతకం పెట్టాక అడిగితే వినేవాడుండడు. భూమి చేతిలో ఉన్నప్పుడే మన మాటకు బరువు. కాబట్టి వచ్చే నెల గ్రామ కమిటీల సమావేశాల్లో ఈ అయిదు అంశాలూ చదివి, మార్పులుంటే చేసి, తీర్మానం రాసి మండల కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ ఊరికి సాయంత్రం ఆఖరి బస్సు ఎన్ని గంటలకో కూడా ఆ కాగితం వెనక రాసి సంఘానికి పంపండి. ఆ పట్టికే మన మొదటి సాక్ష్యం.