చదువుట, వ్రాయుట నేర్పుట కూడ కళాశాల పనియే

ప్రతి సంవత్సరము జూన్, జూలై మాసములలో మన సంఘ కార్యాలయములకు కార్మిక సోదరులు ఒక పనిమీద తప్పక వచ్చుచుందురు. అబ్బాయికో అమ్మాయికో డిగ్రీ కళాశాలలో సీటు దొరకినది. ఫీజుకు సహకార పరపతి సంఘమునుండి అప్పు ఇప్పించవలెను, హాస్టలు దరఖాస్తు విషయమై ఒక మాట చెప్పవలెను. ఇవి మనకు అలవాటైన పనులు. డిసెంబరు నాటికి వారిలో కొందరు మరల వత్తురు. అప్పుడు అడుగునది వేరు. పిల్లవాడు కళాశాలకు పోవుట మానినాడు, ఎక్కడనైన అప్రెంటీసుగా చేర్పింప వీలగునా? ఎందులకు మానినాడో తండ్రికి తెలియదు. పిల్లవానిని పిలిచి అడిగినచో తల వంచుకొని, పాఠము తలకెక్కలేదనియో, పరీక్షలో కాగితము నింపలేకపోయితిననియో చెప్పును. ఫీజు కట్టలేక మానినవారిని గూర్చి మన సభలలో తీర్మానములు వచ్చుచున్నవి. పుస్తకమునకు ఓడి మానినవారిని గూర్చి ఒక తీర్మానము వచ్చినట్లు మాకు జ్ఞాపకము లేదు.

రిజర్వేషన్లు, ఉపకార వేతనములు, సాయంకాల కళాశాలలు, ఇవన్నియు శ్రామికవర్గపు బిడ్డలను కళాశాల గుమ్మము దాటించినవి. దాటిన తరువాత ముప్పది పుటల అధ్యాయమునుండి ముఖ్యమైన వాదమును ఏరుకొనుట ఎట్లో, ఒక ప్రశ్నకు నాలుగు పుటల సమాధానమును ఏ వరుసలో కూర్చవలెనో ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి నేర్పువారెవరు? ప్రతి కళాశాలలోను ఇందుకొక గది, కొందరు శాశ్వత ఉపాధ్యాయులు, నిర్ణీతమైన వేళలు ఉండవలెనని మా అభిప్రాయము. ఈ కోరిక ఉపాధ్యాయ సంఘముల పత్రములలో మాత్రమే కాక కార్మిక సంఘముల కోర్కెల పత్రములలోను చేరవలెను.

‘చదువను వ్రాయను నేర్పుట ప్రాథమిక పాఠశాల పని, కళాశాలవారు అక్షరాభ్యాసము చేయింపవలెనా?’ అని కొందరు ప్రిన్సిపాళ్లు పరిహాసము చేయుట మేము విన్నాము. ఫ్యాక్టరీలో పనిచేసినవారెవ్వరు ఈ మాట అనరు. ఆకురాయి పట్టుట తెలిసిన కుర్రవాడు లేతు యంత్రముకడకు వచ్చినప్పుడు డ్రాయింగు చదువుట మరల నేర్చుకొనును. వానిని మందబుద్ధి యని ఎవరు అనుకొనరు. 1961 నాటి అప్రెంటీసుల చట్టము చేతిపనితోపాటు దానికి సంబంధించిన పాఠములు చెప్పించు ఏర్పాటును కల్పించి, ఆ తరగతులలో గడపిన కాలమును జీతము చెల్లు పనికాలముగానే లెక్కింపవలెనని విధించినది. కొత్త పనికి కొత్త చదువు కావలెనని, ఆ చదువు పనిలో భాగమని చట్టము ఒప్పుకొన్నది. ఆర్థికశాస్త్ర గ్రంథము చదువుట కూడ అట్టి కొత్త పనియే. డాక్టరుగారి బిడ్డకు ఆ పని భోజనముల వేళ మాటలలోనే కొంత అబ్బును. గని కార్మికుని బిడ్డకు ఇంట అది దొరకదు, కళాశాలలోనే దొరకవలెను.

ఈ బాటలో మనకన్న ముందు నడిచి గట్టి దెబ్బ తిన్న నగరమొకటి కలదు. న్యూయార్కు నగరములో 1847లో ప్రజల సొమ్ముతో ఒక ఉచిత కళాశాల వెలసినది. తరువాతి కాలమున అది సిటీ కాలేజీ అయినది. ఐరోపానుండి వలస వచ్చి బట్టలు కుట్టి పొట్ట పోసికొన్న కార్మికుల పిల్లలు అనేకులు అందు చదివిరి. అయితే నగరములో పెరుగుచున్న నీగ్రో, పోర్టోరికన్ ప్రజల పిల్లలకు మాత్రము అందు ప్రవేశము దుర్లభముగా నుండెను. (నీగ్రో అనుమాట నేడు వారికి అవమానకరము, నల్లజాతి ప్రజలని వ్రాయుటయే న్యాయము.) 1969 ఏప్రిల్‌లో నల్లజాతి, పోర్టోరికన్ విద్యార్థులు కళాశాల ప్రాంగణములో ఒక భాగమును ఆక్రమించి ఆందోళన చేసిరి. దాని ఫలితముగా 1970నుండి నగరములో హైస్కూలు ముగించిన ప్రతివానికి నగర విశ్వవిద్యాలయపు కళాశాలలలో ఎక్కడనో ఒకచోట సీటు లభించినది. ఇందువలన ఇటాలియన్, ఐరిష్ కార్మిక కుటుంబముల తెల్లపిల్లలు కూడ పెద్ద సంఖ్యలో లాభపడినారు. ఒక వర్గము పోరాడి తెరచిన తలుపు ఇతర శ్రామికులకు కూడ తెరచుకొనునని మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

తరగతులు నిండిన తరువాత ఉపాధ్యాయులు విద్యార్థుల వ్రాతలు చూచి దిగ్భ్రాంతి చెందినారు. ఇట్టివారికి కళాశాల చదువేల అని కొందరు పత్రికల కెక్కినారు. అప్పుడు ఆ కళాశాలలో ప్రారంభ రచనా తరగతుల బాధ్యత వహించిన మీనా షానెస్సీ అను ఉపాధ్యాయిని వేరొక పని చేసినది. 1970 మొదలు 1974 వరకు ప్రవేశ సమయమున విద్యార్థులు వ్రాసిన సుమారు 4,000 వ్యాసములను ముందుంచుకొని, ప్రతి తప్పు ఎందుకు వచ్చినదో పరిశీలించినది. 1977లో ‘ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్’ అను పుస్తకము వెలువరించినది. ఆమె తేల్చినది ఇది: ఈ తప్పులు తెలివితక్కువ వలన వచ్చినవి కావు, వీనికి ఒక తర్కము కలదు, ఇంతవరకు వ్రాసే అవకాశము లేనివాడు కొత్తగా వ్రాయ మొదలిడినప్పుడు ఇట్లే వ్రాయును, కనుక ముందుగా మారవలసినది ఉపాధ్యాయుని చూపు.

ఈ మాట మన విద్యార్థికి కూడ వర్తించును. రోజూ పనికి పోవు తండ్రిని గూర్చి మన పిల్లవాడు ‘హీ ఈజ్ గోయింగ్ టు వర్క్ డైలీ’ అని వ్రాయును. ఎర్రసిరా గీత పడును, మార్కు పోవును. ఆ వాక్యము అట్లెందుకు వచ్చినది? తెలుగులో ‘పనికి పోవుచున్నాడు’ అను ఒక్క రూపమే ఇప్పుడు జరుగు పనికిని, ప్రతిదినము జరుగు పనికిని చెల్లును. పిల్లవాడు తన భాష నియమమును నమ్మకముగా పాటించినాడు. ‘ది’ అను చిన్నమాటను వదలివేయుట కూడ అట్టిదే. తెలుగులో దానికి సాటియైన మాటయే లేదు. ఈ సంగతి ఐదు నిమిషములలో వివరింపవచ్చును. అరువది, డెబ్బదిమంది యున్న తరగతిలో ఆ ఐదు నిమిషములు దొరకవు. గదిలో ప్రక్కన కూర్చున్న ఉపాధ్యాయునికే దొరకును.

అదే నగరములో బ్రూక్లిన్ కాలేజీకి చెందిన కెన్నెత్ బ్రఫీ అను ఆచార్యుడు 1970 దశకములో మరియొక మార్గము పట్టినాడు. అధ్యాపకుని గదికి పోవుటకు జంకు విద్యార్థి తోటివిద్యార్థివద్దకు నిస్సంకోచముగా పోవును గదా! అందుచే కొందరు విద్యార్థులకు శిక్షణ నిచ్చి, ఇతరుల వ్యాసములు చదివి ప్రశ్నలు వేయుటకు నియమించినాడు. తప్పులు దిద్ది యిచ్చుట వారి పని కాదు. వ్రాసినవాడే తన వ్రాతను మరల చూచుకొనునట్లు చేయుట వారి పని. ఈ పద్ధతి మంచిదే, అమెరికాలో ఇది బాగుగా వ్యాపించినది. కాని తోటివిద్యార్థి సాయము ఉపాధ్యాయుని పనికి తోడు కావలెను గాని ఉపాధ్యాయుని స్థానమును ఆక్రమింపరాదు. చౌకగా పనిచేయువాడు దొరకినచోట యాజమాన్యము లెక్క ఎట్లు వేయునో మన పాఠకులకు తెలియును.

తరువాత జరిగినది మనకు ముఖ్యము. 1975లో నగర ఖజానా దివాలా అంచుకు చేరినది. అప్పులిచ్చిన బ్యాంకుల ఒత్తిడికి లోబడి నగరము ఖర్చులు కోసినది. 129 సంవత్సరములుగా ఉచితముగా సాగిన విద్యకు 1976లో ఫీజు విధించిరి. ఉపాధ్యాయులను పెద్ద సంఖ్యలో తొలగించిరి. కొత్తగా చేరినవారు, తాత్కాలికులు మొదట పోయినారు. వ్రాత నేర్పు తరగతులు నడచుచున్నది అట్టివారి చేతులమీదుగనే. షానెస్సీ పుస్తకము అచ్చులోనికి వచ్చునప్పటికే ఆమె కట్టిన ఇంటికి బీటలు వారినవి. 1978లో 54 ఏండ్ల వయస్సున ఆమె మరణించినది. 1999లో విశ్వవిద్యాలయ పాలకవర్గము ఒక నిర్ణయము చేసినది: ఇట్టి సహాయక తరగతులు అవసరమైన విద్యార్థులను ఇకపై నాలుగు సంవత్సరముల డిగ్రీ కళాశాలలలో చేర్చుకొనరాదట! వ్రాత నేర్పు పనిని కళాశాలకు అదనపు ఖర్చుగా చూచినందున, ఖర్చు తగ్గింపు కత్తికి అది మొదట తెగినది.

మన దేశమున పరిస్థితి యేమి? 11వ పంచవర్ష ప్రణాళికా కాలములో, అనగా 2007 నుండి 2012 వరకు, విశ్వవిద్యాలయ నిధుల సంఘము షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకుల విద్యార్థులకు ప్రత్యేక బోధన నిమిత్తము కళాశాలలకు గ్రాంటు లిచ్చినది. ఉద్దేశము మెచ్చదగినదే. ఆచరణలో మేమెరిగిన ఒక కళాశాలలో జరిగినది చెప్పెదము. తరగతి వేళలు ముగిసి బస్సులు పోవు సమయమున ఈ బోధన పెట్టిరి. హాజరు కావలసినవారి పేర్లను కులము వరుసన నోటీసు బోర్డుపై అంటించిరి. మరుసటి దినమునుండి పిల్లలు రాలేదు. గంటకింత పారితోషికము తీసికొను అధ్యాపకుడు హాజరుపట్టీ నింపినాడు. సంవత్సరాంతమున నిధులు ఖర్చయినట్లు ధృవపత్రము పోయినది. ఆ అధ్యాపకుని మేము నిందింపము; ఆయనయు ఒప్పంద ఉద్యోగియే, ఏప్రిల్ వచ్చునప్పటికి ఆయన ఉద్యోగమునకే ఠికాణా లేదు. ప్రణాళికల కాలము 2017 మార్చితో ముగిసినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము వెనుకబడిన నేపథ్యమునుండి వచ్చు విద్యార్థులకు వారధి కోర్సులు, మార్గదర్శకత్వము ఉండవలెనని వ్రాసినది. మంచిమాటయే. నేర్పువాని జీతము ఏ పద్దునుండి వచ్చునో తేలనిదే వారధి లేచి నిలువదు.

జీతము మాట వచ్చినది గనుక చెప్పవలెను. 2019 జనవరిలో నిధుల సంఘము అతిథి అధ్యాపకునికి తరగతికి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండ చెల్లింపవచ్చునని మార్గదర్శకము లిచ్చినది. రాష్ట్రములలోని కళాశాలలలో అనేకులకు అంతకన్న చాల తక్కువ ముట్టుచున్నది. సెలవు మాసములలో అదియు లేదు. విద్యార్థి ప్రక్కన కూర్చుండి వ్యాసము చదువుటను ఈ లెక్కలో తరగతిగా ఎవరు గణింతురు? సహాయాచార్యునికి వారమునకు 16 గంటల బోధన అని నిబంధన యున్నది. చదువు-వ్రాత గదిలో గడపు గంటలను ఆ పదహారులోనే చేర్చవలెను. పైపని క్రింద, సేవ క్రింద, పుణ్యము క్రింద దానిని నెట్టినచో న్యూయార్కులో జరిగినదే ఇచ్చటను జరుగును.

భాష సంగతి వేరుగ చూడవలసియున్నది. కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగున సిద్ధపరచుటకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినది. 1982లో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఒంటరిగా చదువుకొనువానికి అర్థమగునట్లు తెలుగులో పాఠములు వ్రాయించి, సెలవుదినములలో కళాశాలలయందు సందేహ నివృత్తి తరగతులు నడిపినది. షిఫ్టులలో పనిచేయుచు అక్కడ పట్టము పొందిన మన సభ్యులు ఎందరో కలరు. చదువు ఎట్లు చదువవలెనో కూడ పాఠములోనే చెప్పవచ్చునని వారికి తెలియును. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో డిగ్రీ కోర్సులన్నిటిని ఆంగ్ల మాధ్యమమునకు మార్చుటకు నిర్ణయించిరి. ఆంగ్లము మన పిల్లలకు వలదని మేము అనము. అది లేక ఉద్యోగము లేదని తల్లిదండ్రులు చెప్పు మాట నిజము. కాని మాధ్యమము మార్చు ఉత్తరువు ఒక్క దినములో వెలువడును. మారిన మాధ్యమములో చదువగల శక్తి ఉత్తరువుతో రాదు. షోలాపురము, భివండీల మగ్గపు కార్మికుల బిడ్డల గతి ఇంకను చిత్రము: ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కళాశాలలో ఆంగ్లము. ఈ గదిలో కూర్చుండు ఉపాధ్యాయునికి విద్యార్థి ఇంటిభాష రావలెను. ముందు తెలుగున చెప్పించి, వాదము నిలిచిన తరువాత ఆంగ్లమున వ్రాయించినచో పని సులువగును.

తెలుగున వ్రాయుట మాత్రము అందరికిని వచ్చునా? విద్యార్థి తాను మాటలాడు భాషకు దగ్గరగా వ్రాయుట తప్పా, ఒప్పా అని పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి పంతులుగారు వంద సంవత్సరములకు పూర్వమే పోరాడినారు. (ఈ పత్రిక భాష చదివి ఆయన ఏమనియుండెడివారో ఊహించుట కష్టము కాదు.)

1946 నాటి పారిశ్రామిక ఉపాధి స్థాయీ ఉత్తర్వుల చట్టము, ఉత్తర్వులను ఆంగ్లములోను, అత్యధిక కార్మికులకు అర్థమగు భాషలోను ప్రదర్శింపవలెనని విధించినది. చార్జిషీటు చదువలేని కార్మికుని పక్షమున సంజాయిషీ వ్రాయుటతోనే మాలో అనేకుల సంఘ జీవితము మొదలయినది. చదువ తెలియనివానిపై ఎంత సులభముగా శిక్ష వేయవచ్చునో మేము కన్నులార చూచినాము. అర్థము కాని ప్రశ్నాపత్రము ముందు కూర్చున్న విద్యార్థి పరిస్థితి అంతకంటె మెరుగు కాదు. వాని తరఫున సంజాయిషీ వ్రాయువాడు కూడ లేడు.

రానున్న జిల్లా మహాసభలలో అధ్యాపక సంఘములను ఆహ్వానించి ఈ విషయముపై ఉమ్మడి తీర్మానము చేయవలెనని మా సూచన. కొత్తగూడెము, రామగుండము, విశాఖపట్టణము వంటి పారిశ్రామిక పట్టణములలో ఆరంభించుట సులభము. ప్రభుత్వ కళాశాలకు ఇద్దరు శాశ్వత ఉపాధ్యాయులు, ఒకరు తెలుగు, ఒకరు ఆంగ్లము, చాలును. శిక్షణ పొందిన పై తరగతి విద్యార్థులకు గంటలవారీ వేతనము ఉండవలెను. కులము, మార్కులు అడుగక వచ్చిన ప్రతివానికి ప్రవేశము ఉండవలెను. మంచి మార్కులు వచ్చువాడు కూడ వచ్చిననాడే మిగిలినవారికి సిగ్గు పోవును. గది సాయంకాలము ఏడు గంటల వరకు తెరచియుండవలెను, ఎందుకనగా మొదటి షిఫ్టు దిగి వచ్చు విద్యార్థికి అంతకుముందు తీరిక దొరకదు.