ఫొటోకు ఎవరు నిలబెట్టారు?

మా తెలుగు సారు ఒక సాయంత్రం స్టడీ అవర్లో గౌరీ గిల్ అనే ఆవిడ తీసిన ఫొటోలు చూపించారు. చూడగానే అందరం నవ్వాం. ఒంటి మీద రోజూ కట్టే బట్టలే, చుట్టూ రోజూ ఉండే ఊరే, మెడ మీద మాత్రం జంతువు తల! వెనక బెంచీ తమ్ముడు లేచి, "ఇవి నిజం ఫొటోలు కావు సార్, నిలబెట్టి తీసినవి" అన్నాడు.

నిలబెట్టి తీసినవే. మహారాష్ట్రలోని జవ్హార్ ప్రాంతంలో కొక్నా, వార్లీ ఆదివాసీలు బోహాడా ఉత్సవానికి కాగితపు గుజ్జుతో దేవుళ్ల, రాక్షసుల మాస్కులు చేస్తారు. అందులో చెయ్యి తిరిగినవాళ్లు సుభాస్, భగవాన్ కడూ అన్నదమ్ములు. ఈసారి దేవుళ్లవి వద్దు, మీ రోజువారీ బతుకువి చేయండని గిల్ అడిగారట. మనుషుల ముఖాలు, జంతువులు, తమకు విలువైన వస్తువులు చేశారు. అవి తగిలించుకుని ఊరివాళ్లే నటించారు. 2015లో మొదలైన ఈ ఫొటోలు 2017లో జర్మనీలోని డాక్యుమెంటా ప్రదర్శన దాకా వెళ్లాయి.

మరి మాకు తెలిసిన నిజం ఫొటో ఏది? ఒక చలికాలం మా హాస్టల్‌కు దుప్పట్లు ఇస్తామని కొందరు పెద్దలు వచ్చారు. ఒక్క దుప్పటికి ఆరు చేతులు, దాని కింద మావాడొకడు. "నవ్వు బాబూ" అన్నారు, నవ్వాడు. పేపర్లో వచ్చింది. మిగతా దుప్పట్లు వెనక వస్తాయన్నారు. వచ్చేసరికి సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. అదీ నిలబెట్టి తీసిందే కదా!

మాలో కొందరు ఒప్పుకోలేదు. మనలాంటివాళ్ల ముఖాలు ఎప్పుడు బయటికొచ్చాయని, మళ్లీ మాస్కులు? అన్నారు. కాదనలేం. పైగా కెమెరా గిల్‌దే, ఆలోచనా బయటినుంచి వచ్చిందే. కానీ పేపర్లో మావాడి ముఖం తెరిచే ఉంది, కింద పేరు లేదు, "పేద విద్యార్థి" అని వేశారు. కడూ అన్నదమ్ముల పేర్లు మాత్రం ఇంత దూరాన ఉన్న మాకు తెలిశాయి. తగిలించుకున్న తల వాళ్ల చేతులు చేసింది.

మనకైతే ఏ తల కావాలి అని ఆ రాత్రంతా మాట్లాడుకున్నాం. ఒకడు ట్రంకుపెట్టె అన్నాడు, ఇంకొకడు సొట్ట పళ్లెం. మెస్ అక్క వింటూ, నాకు గరిటె చేయండిరా అంది.

ఈ ఏడు గ్రూపు ఫొటోలో వరసలు కట్టకుండా ఎవరికి నచ్చిన చోట, నచ్చిన వస్తువుతో నిలబడతామని వార్డెన్ సారును అడిగాం. పేర్లన్నీ వేయాలనీ అడిగాం. పేర్లకు సరే అన్నారు. పళ్లేల సంగతి ఇంకా చెప్పలేదు.