ఆయుధం హక్కు కాదు, న్యాసం

శ్రీ మహాగణాధిపతయే నమః.



ఒకే పక్షంలో రెండు ప్రశ్నలు నన్ను వెదుక్కుంటూ వచ్చాయి. మొదటిది మా ఐరాల మండలంలోని ఒక రైతు నోట వచ్చింది. సంకటహర చతుర్థి అర్చన ముగిసి, అందరూ తీర్థప్రసాదాలు స్వీకరించి వెళ్లిన తరువాత ఆయన ఒక్కడే మండపంలో నిలిచిపోయాడు. "సామీ, రేతిరంతా మంచె మీద కూసోనుంటే, కన్ను మూసి తెరిచేలోగా శెనక్కాయంతా పందులు దున్నేసినాయి. ఈ తూరి గ్రామసభలో ఇంటికొక తుపాకి ఇయ్యాలని తీర్మానం పెడతా ఉండాం. ఆయుధపూజ నాడు మా కొడవళ్లకూ ట్రాక్టర్లకూ పూజ చేసేది మీరే గదా. శాస్త్రం మా పక్కనే ఉందని నాలుగు మాటలు చెప్పండి" అన్నాడు.

రెండవది అమెరికాలోని అట్లాంటా సమీపాన నివసించే ఒక భక్తుని నుండి దూరవాణిలో వచ్చింది. ఆయన గృహం కొనదలచిన కెన్నెసా పట్టణంలో, ప్రతి గృహయజమానీ ఇంట తుపాకి ఉంచుకోవాలని స్థానిక శాసనం ఉన్నదట. "స్వామీ, మన ధర్మం దీనికి ఏమంటుంది?" అని ఆయన జిజ్ఞాస.

ఒకరు తుపాకి కావాలంటున్నారు, మరొకరు వద్దనవచ్చునా అంటున్నారు. ఇద్దరి ప్రశ్నకూ మూలం ఒక్కటే. గ్రామాన్నో పట్టణాన్నో పాలించే సభ, ఆయుధం ప్రతి వ్యక్తికీ హక్కు అని ప్రకటించవచ్చునా? కూడదని నా నిశ్చయం. అట్లా ప్రకటించిన సభ ప్రజలకు బలం ఇవ్వడం లేదు, తన రక్షణధర్మాన్ని వారి నెత్తిన పడవేసి తాను తప్పుకుంటున్నది.

ముందుగా వాస్తవస్థితి చూద్దాం. 1981లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మోర్టన్ గ్రోవ్ అనే గ్రామం చేతితుపాకులను నిషేధించింది. దానికి ప్రత్యుత్తరమా అన్నట్లు 1982 మార్చిలో జార్జియా రాష్ట్రంలోని కెన్నెసా పురపాలక సభ, ప్రతి కుటుంబపెద్దా తుపాకీని, తూటాలను ఇంట ఉంచుకోవాలని శాసించింది. 2019 నవంబరు ఎన్నికల తరువాత వర్జీనియా రాష్ట్రంలో నూరుకు పైగా కౌంటీలు, పట్టణాలు ఆయుధహక్కుకు అండగా తీర్మానాలు చేశాయి. రాష్ట్రం తెచ్చే నియంత్రణలు రాజ్యాంగవిరుద్ధమని తమకు తోస్తే అమలుకు సహకరించబోమన్నది వాటి సారాంశం.

మన దేశంలో ఏ పంచాయతీకీ అట్టి అధికారం లేదు. ఆయుధవిషయం రాజ్యాంగంలోని కేంద్రజాబితాలో ఉన్నది. 1959 నాటి ఆయుధచట్టం ప్రకారం తుపాకికి అనుమతిపత్రం కావాలి, దానిని సామాన్యంగా జిల్లా మేజిస్ట్రేటు ఇవ్వాలి. పంటరక్షణకు నాటు తుపాకి పేరు ఆ చట్టంలోనే ఉన్నది, కనుక రైతు వ్యక్తిగతంగా దరఖాస్తు చేసుకునే మార్గం మూసుకుపోలేదు. పంచాయతీలకు పదకొండవ షెడ్యూలు సూచించిన 29 విషయాలలో మాత్రం ఆయుధం లేదు. గ్రామసభ తీర్మానం చేసినా అది విన్నపమే అవుతుంది. అయినా ఊరంతా కూడి చేసే విన్నపానికి నైతికబలం ఉంటుంది. అందుకే అది ధర్మబద్ధమో కాదో విచారించక తప్పదు.

ఇక పూర్వపక్షం.

"మన దేవతలందరి చేతులలో ఆయుధాలు ఉన్నాయి. ఆయుధం తప్పైతే పూజ ఎందుకు?" అని ప్రథమ ఆక్షేపణ. సత్యమే. అయితే ఆ చేతుల పక్కనే అభయహస్తం కూడా ఉన్నదని మరువరాదు. మన కాణిపాకం వరసిద్ధి వినాయకుని నిత్యం స్మరించేవారం మనం. వినాయకుని ధ్యానించేటప్పుడు చెప్పుకునేవి పాశాంకుశాలు. అంకుశం మదించిన గజాన్ని దారికి మళ్లిస్తుంది, పాశం దానిని బంధిస్తుంది. చంపడం ఆ రెండింటి ప్రయోజనం కాదు. ఇక ఆయుధపూజ నాడు జరిగేది ఏమిటి? ఆ రోజు పనిముట్లను వాడము. భగవంతుని పాదాల చెంత ఉంచి, మరునాడు ఆయన నుండి తిరిగి తీసుకుంటాము. ఇవి నావి కావు, నీవు అప్పగించినవి అని ఒప్పుకోవడమే ఆ పూజలోని ఆంతర్యం.

"ఆతతాయిని చంపితే దోషం లేదని మనుస్మృతి చెప్పలేదా?" అని ద్వితీయ ఆక్షేపణ. చెప్పింది. అది ఆపద్ధర్మం. ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం కలిపేవాడు, కత్తి ఎత్తి మీదికి వచ్చేవాడు ఎదురైన క్షణంలో వర్తించే ధర్మం. రాని ఆపద కోసం ఇంటింటా మారణాయుధం దాచిపెట్టమని దాని అర్థం కాదు. ఆకలితో చేనిలో పడిన వరాహం ఆతతాయి కూడా కాదు, దానికి సంకల్పదోషం లేదు. ఆదివరాహస్వామికి తొలి నైవేద్యం జరిగే తిరుమల నీడలో బ్రతికే మనకు ఇది మరొకరు చెప్పవలసిన మాట కాదు.

"1878లో ఆంగ్లేయులు చట్టం చేసి మన చేతులు ఖాళీ చేశారు, ఆ దాస్యాన్ని ఇంకా మోయాలా?" అని తృతీయ ఆక్షేపణ. ఆ చట్టం ఐరోపావాసులను మినహాయించి భారతీయులను అనుమానించింది, అది అన్యాయమే. కానీ ఆయుధానికి అనుమతి అనే భావన ఆంగ్లేయుల సృష్టి కాదు. ముద్రతో అనుమతి పొందినవారు తప్ప ఇతరులు నిరాయుధులై సంచరించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం అయిదవ అధికరణంలోనే ఉన్నది. నేటి లైసెన్సుకు అది పూర్వరూపం.

ఇక సిద్ధాంతం. దీనికి మూడు సాక్ష్యాలు చెబుతాను.

మొదటి సాక్షి సీతమ్మ. అరణ్యకాండలో, దండకారణ్యంలోకి ధనుర్ధారులై సాగుతున్న శ్రీరాముని ఆమె సవినయంగా హెచ్చరిస్తుంది. వైరం లేకుండానే క్రౌర్యం వహించడం కామజమైన మూడు వ్యసనాలలో ఒకటి అని చెప్పి, ఒక తాపసుని కథ వినిపిస్తుంది. ఇంద్రుడు ఆ తాపసుని తపస్సుకు విఘ్నం కలిగించాలని భటుని వేషంలో వచ్చి ఒక ఖడ్గాన్ని న్యాసంగా, అంటే అప్పగింతగా, ఆయన వద్ద ఉంచి వెళ్లాడు. తాపసుడు నిజాయితీపరుడు. అప్పగించిన వస్తువు పోరాదని కందమూలాలకు వెళ్లినా దానిని వెంట తీసుకువెళ్లేవాడు. నిత్యమూ చేత ఖడ్గం ఉండగా బుద్ధి మెల్లగా దాని వైపు మళ్లింది. తపస్సు సడలింది, క్రౌర్యం అలవడింది, చివరకు నరకప్రాప్తి కలిగింది. గమనించండి, అతడు దుష్టుడు కాడు, ఖడ్గం కోరినవాడూ కాడు. కేవల సాన్నిధ్యమే ఆ పని చేసింది. ఆయుధం దోషం చేయదు, మనిషి చేస్తాడు అని వాదించేవారికి సీతమ్మ ఏనాడో సమాధానం చెప్పింది.

రెండవ సాక్షి శ్రీరాముడే. ఆయన సీత మాటను తిరస్కరించలేదు. ఆమె స్నేహంతో, హితంగా పలికిందని మెచ్చుకున్నాడు. అయినా ధనుస్సు విడువలేదు. కారణం? ఆర్తుల మొర వినబడకుండా ఉండడానికే క్షత్రియుడు విల్లు ధరిస్తాడనీ, దండకారణ్య మునులకు తాను మాట ఇచ్చి ఉన్నాననీ, ప్రాణమైనా విడుస్తాను గాని ఆ ప్రతిజ్ఞను విడువననీ అన్నాడు. ఆయుధం నా హక్కు అని ఆయన అనలేదు. అది పరుల కొరకు చేసిన ప్రతిజ్ఞ వలన చేతికి వచ్చింది. ఆ ప్రతిజ్ఞ లేని చేతికి ఆయుధం తాపసుని ఖడ్గమే అవుతుంది.

మూడవ సాక్ష్యం మన ముంగిటనే ప్రవహిస్తున్నది. కాణిపాకం చెంతనున్న బాహుదా నదికి ఆ పేరు శంఖలిఖితుల వృత్తాంతం వలన వచ్చిందని మన స్థలపురాణం. మహాభారతం శాంతిపర్వంలో ఆ కథ ఉన్నది. లిఖితుడు అన్న శంఖుని ఆశ్రమంలో పండ్లు అడగకుండా కోసి తిన్నాడు. అన్న చేయి ఎత్తలేదు. రాజు వద్దకు వెళ్లి దోషం ఒప్పుకొమ్మన్నాడు. సుద్యుమ్న మహారాజు లిఖితుని చేతులు ఖండింపజేశాడు. అన్న ఆదేశంతో బాహుదలో మునిగి లేవగా ఆ చేతులు మరల మొలిచాయి. ఇంతటి తపశ్శక్తి ఉండి నీవే నన్ను ఎందుకు శుద్ధుని చేయలేదని తమ్ముడు అడిగితే, నిన్ను దండించే అధికారం నాది కాదు అని శంఖుడు బదులిచ్చాడు. తోట ఆయనది, నష్టం ఆయనకు జరిగింది, అపరాధి ఎదుటనే ఉన్నాడు. అయినా దండం రాజుది. మామిడితోటలకు నెలవైన ఈ నేల మీద, ఆ నది ఒడ్డున నిలిచి, నా తోటకు నేనే దండధరుణ్ణి అని తీర్మానం చేయడం ఎంతటి విడ్డూరం!

కాబట్టి ఆయుధం న్యాసం. ప్రజలందరూ తమ రక్షణను రాజ్యానికి అప్పగించి, దానికి తోడుగా దండాన్ని కూడా అప్పగించారు. వ్యక్తికి అనుమతి లభించినా అది షరతులతో కూడిన అప్పగింతే. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులను ఠాణాలో జమ చేయిస్తారు కదా. ఉద్రేకం పెరిగే వేళ తుపాకి ఇంట ఉండరాదని మనమే అంగీకరిస్తున్నాం. మరి గట్టుతగాదాకు, పంపకాల కలహానికి, మద్యపు మత్తుకు ఎన్నికల ప్రకటన ఉంటుందా? పందుల కోసం ఇంటికి వచ్చిన తుపాకి పంటకాలం ముగియగానే వెళ్లిపోదు. పగలకూ ప్రతీకారాలకూ రాయలసీమ ఎన్ని తరాలు మూల్యం చెల్లించిందో మనం ఎరుగుదుం.

సముద్రాల ఆవల కూడా మన బిడ్డలు ఈ మూల్యం చెల్లించారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతేలో ఒక తెలుగు ఇంజనీరు తూటాకు బలి అయ్యాడు. 2023 మే నెలలో టెక్సాస్‌లోని ఆలెన్ పట్టణపు విపణిశాలలో ఒక్కడు జరిపిన కాల్పులలో ఎనిమిది మంది మరణించారు, వారిలో ఒక తెలుగు యువతి ఉన్నది. చదువుకు పంపిన తల్లిదండ్రుల ఆర్తనాదం ఏ హక్కు క్రింద లెక్కకు వస్తుంది?

ఇంతవరకు చదివి, పూజారికేమి, పంట పోయేది మాది కదా అని రైతు అంటే, ఆ మాట న్యాయమే. ఇక్కడ నా దోషం కూడా ఒప్పుకోవాలి. ఏనుగు చేనిలో పడిందని ఎవరైనా వాపోతే, సాక్షాత్తు గణపతి వచ్చాడనుకో నాయనా, అని ఎన్నోసార్లు అన్నాను. అప్పు తెచ్చి పెట్టిన చెరుకు నేలపాలైన వానికి అది ఓదార్పు కాదు, పరిహాసం. అహింసను ఇతరుల కడుపు మీద ఆచరించడం ధర్మం కాదు. ఆర్తుల మొర వినబడరాదన్న రాముని వాక్యం పంచాయతీకీ వర్తిస్తుంది, అర్చకునికీ వర్తిస్తుంది.

అయితే ఆ మొరకు ప్రత్యుత్తరం ఇవ్వవలసినది సభ. ఇంటికొక తుపాకి కోరే తీర్మానం సులభం. దానికి నిధి అక్కరలేదు, శ్రమ అక్కరలేదు. పంట పోతే మీ చేత తుపాకి లేదా అనవచ్చు, ప్రాణం పోతే అది మీరు పేల్చినదే అనవచ్చు. కష్టమైనవి వేరే ఉన్నాయి. చేలకు సౌరకంచె వేయించడానికి పట్టుబట్టడం, వంతులవారీగా ఊరికావలి ఏర్పరచడం, ప్రతి నష్టాన్ని అనాడే వ్రాయించి పరిహారం చేతికి వచ్చేవరకు వెంటాడడం, ప్రాణాలు తీసే దొంగకరెంటు తీగలను, నాటుబాంబులను ఊరి నుండి తొలగించడం. 1972 నాటి వన్యప్రాణి చట్టంలోని 11వ సెక్షను ప్రకారం, నిలిచిన పంటకు ప్రమాదమైన అడవిపందిని తొలగించేందుకు అధికారులు అనుమతించవచ్చు. 2022లో కేరళ ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు కల్పించింది. అక్కడ కాల్చేవాడు లైసెన్సు గలవాడు, ఆజ్ఞ ఇచ్చేవాడు జవాబుదారి. వధ నాకు రుచించదు. అయినా అది దండధర్మానికి లోబడినదని అంగీకరిస్తాను. ఏనుగు విషయంలో పంటనష్టం కారణంగా వధకు చట్టం ఒప్పుకోదు. అందుకే 2025 మే నెలలో కర్ణాటక ఇచ్చిన కుమ్కీ ఏనుగులకు పలమనేరు చేరువలోని ముసలిమడుగులో శిబిరం ఏర్పడింది. గజాన్ని గజంతో మళ్లించడం అంకుశధర్మం. మనం అడగవలసినది అట్టి రక్షణ.

అట్లాంటా భక్తునికి నేను చెప్పినది ఇది. కెన్నెసా శాసనంలోనే, మతవిశ్వాసం వలన తుపాకి ఉంచుకోలేనివారికి మినహాయింపు ఉన్నది. నిస్సంకోచంగా దానిని ఆశ్రయించండి. మీ పిల్లలకు సీతమ్మ చెప్పిన తాపసుని కథ చెప్పండి.

మా రైతుకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. నాయనా, వచ్చే గ్రామసభకు నేను కూడా వస్తాను. తుపాకుల తీర్మానాన్ని వ్యతిరేకిస్తాను. ఆ వెంటనే కంచె కోసం, కావలి కోసం, పరిహారం కోసం మొదటి సంతకం నేనే చేస్తాను. కావలిలో నా వంతు రాత్రి వస్తే మంచె ఎక్కుతాను.

స్వస్తి.