ఈ వారం వంతు ఎవరిది?

హైదరాబాద్ ఐటీ కంపెనీల కాన్ఫరెన్స్ హాళ్లలో పని వేళలయ్యాక, లేదంటే వారాంతాల్లో, నలుగురిలో మాట్లాడటం సాధన చేయించే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు సమావేశమవుతుంటాయి. వాటి గురించి మాట్లాడుకునేటప్పుడు ముందుగా వినబడేది కప్పుల లెక్క. ఏ పోటీలో ఎవరు గెలిచారు, ఎవరు ఏ స్థాయి దాకా వెళ్లారు, క్లబ్బుకు ఎన్ని రిబ్బన్లు వచ్చాయి అన్నదే చర్చ. క్లబ్బు బాగా నడుస్తోందో లేదో తేల్చడానికి ఇంతకన్నా పనికిరాని కొలత లేదు. మైకు దొరికితే వదలనివారు క్లబ్బు లేకపోయినా మాట్లాడతారు. కొన్ని నెలల కిందట చేరి, ప్రతి సమావేశానికీ వచ్చి, వెనక వరుసలో కూర్చుని, అందరికీ చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోయే సభ్యురాలు ఈ నెలలో ఎన్నిసార్లు లేచి నిలబడిందో చూడాలి. ఆమెను లేపి నిలబెట్టగలిగేది క్లబ్బు తన పనులను పంచే తీరేనని, ధైర్యవచనాల పాత్ర అందులో చాలా తక్కువని నా అభిప్రాయం.

సంస్థ చరిత్రే ఇందుకు ఆధారం. ఇప్పుడున్న టోస్ట్‌మాస్టర్స్ 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏ భవనంలో మొదలైంది. దాన్ని నెలకొల్పిన రాల్ఫ్ స్మెడ్లీ అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందే ఇలినాయ్ రాష్ట్రంలో ఈ ప్రయోగం మొదలుపెట్టాడు. కానీ ఆయన ఉద్యోగరీత్యా ఊరు మారినప్పుడల్లా వెనక వదిలిన బృందాలు నీరసించిపోయేవి. ఒక్క మనిషి ఉత్సాహం మీద ఆధారపడిన ఏ సంఘానికైనా అదే గతి. నిలబడిన పద్ధతిలో ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటారు. సభ నడిపే టోస్ట్‌మాస్టర్, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చూపే టైమర్, భాషను గమనించే గ్రామేరియన్, ‘ఆ...’, ‘సో’, ‘యాక్చువల్లీ’లను లెక్కపెట్టే ఆ-కౌంటర్, అప్పటికప్పుడు విషయమిచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే టేబుల్ టాపిక్స్ మాస్టర్, ప్రతి ప్రసంగానికీ ఒక ఇవాల్యుయేటర్. గంటా గంటన్నర సభలో కనీసం పదిమందికి లేచి మాట్లాడే పని దొరుకుతుంది. మన సాహిత్య సభలు ఇందుకు పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం: ముఖ్య అతిథి ముప్పావుగంట తీసుకున్నాక, ‘సమయాభావం వల్ల’ మిగతా వక్తలను రెండే మాటల్లో ముగించమంటారు. అలాగని టోస్ట్‌మాస్టర్స్ పద్ధతిని మరీ ఆకాశానికెత్తాల్సిన పనిలేదు. స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి ఆ సంస్థకు 1973 దాకా పట్టింది.

చిన్న పనులతో మొదలుపెట్టించడం వెనక మంచి శాస్త్రమే ఉంది. పక్కన మనుషులుంటే పని మెరుగుపడుతుందని కొన్ని ప్రయోగాలు, చెడుతుందని కొన్ని చెబుతున్న రోజుల్లో, 1965లో రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాటికి పొంతన కుదిర్చాడు. బాగా చేతికొచ్చిన పని నలుగురి ముందు ఇంకా బాగా సాగుతుంది, చేతికి రానిది మరింత తడబడుతుంది అన్నాడు. అంటే పాత సభ్యుడికి ఊపునిచ్చే అవే ముప్పై జతల కళ్లు కొత్త సభ్యురాలి గొంతు పట్టేస్తాయి. ఇద్దరికీ ఒకే రకం అవకాశమిచ్చి సమానంగా చూశామనుకోవడం సరికాదు. టైమర్‌గా ముగ్గురి పేర్లు, వారు తీసుకున్న నిమిషాలు చదివి కూర్చోవడం ఎవరికైనా చేతనవుతుంది. నాలుగుసార్లు అలా లేచిన మనిషికి అయిదోసారి నిలబడటం కొత్త కాదు. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన ప్రయోగం కూడా క్లబ్బులకు పనికొస్తుంది. మన కంగారు మనకు తెలిసినంతగా ఎదుటివాళ్లకు కనబడదు అన్న సంగతిని ముందే వివరించినప్పుడు, వక్తలు నిజంగానే మెరుగ్గా మాట్లాడారు. ఆ మాట చెప్పడానికి ఒక మెంటర్ చాలు. చాలా క్లబ్బుల్లో మెంటర్ పేరు కాగితం మీద ఉంటుంది, మనిషి ఫోన్ ఎత్తడు.

ప్రోత్సాహమంటే పొగడ్త అనుకోవడం మనకు అలవాటు. 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి పనితీరుపై అభిప్రాయం చెబితే ఏమవుతుందో పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కూడబెట్టి విశ్లేషించారు. సగటున మేలే జరిగింది గానీ, మూడోవంతుకు పైగా సందర్భాల్లో ఫలితం తిరగబడి పనితీరు తగ్గింది. దృష్టి పని మీద నుంచి మనిషి మీదకు మళ్లేకొద్దీ ప్రయోజనం తగ్గుతుందన్నది వారి వివరణ. పొగడ్తా అందుకు మినహాయింపు కాదు. వరంగల్ నుంచి ఉద్యోగానికొచ్చిన అమ్మాయి తొలి ప్రసంగం ‘ఐస్ బ్రేకర్’లో నాలుగు నుంచి ఆరు నిమిషాలు తన గురించి చెప్పిందనుకుందాం. ‘సూపర్‌గా మాట్లాడారు, కాన్ఫిడెన్స్ కొంచెం పెంచుకోండి’ అని ఇవాల్యుయేటర్ అంటే ఆమె వచ్చే వారం చేయగలిగిందేమిటి? ‘కాజీపేటలో రైలు తప్పిపోయిన సంగతి దగ్గర మీ చేతిలో కాగితం కిందికి దిగింది, మీరు మా వైపు చూశారు, అక్కడే అందరం నవ్వాం. ఈసారి మొదటి నాలుగు వాక్యాలు కాగితం లేకుండా చెప్పి చూడండి’ అంటే చేయాల్సిన పనేదో చేతిలో పెట్టినట్టు. తన మాటను ఒకరు అంత శ్రద్ధగా విన్నారని కూడా ఆమెకు తెలుస్తుంది. చప్పట్లతో ఆ సంగతి తెలియదు. అలాగే, తొలి ప్రసంగంలో ఎన్ని ‘ఆ...’లు వచ్చాయో సభ మొత్తానికీ చదివి వినిపించి నవ్వించే ఆ-కౌంటర్ ఆ అంకెను చీటీ మీద రాసి చేతికిస్తే క్లబ్బు సంప్రదాయానికి వచ్చే నష్టమేమీ లేదు.

తెలుగు నగరాల క్లబ్బుల్లో ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ పైకి అనరు. సభాభీతి అని మనం పేరు పెట్టేదాంట్లో చాలా భాగం ఇంగ్లిష్ భయం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన ఇంజినీరు క్యాంటీన్‌లో కడుపుబ్బ నవ్విస్తాడు, టేబుల్ టాపిక్స్‌లో ఇరవై సెకన్లకే కూర్చుంటాడు. ఇంగ్లిష్ కోసమే కదా చేరింది, తెలుగెందుకు అంటారు. చేరింది అందుకే, కాదనను. కానీ ఆలోచనను వరసలో పెట్టడం, ఎదుటివారి కళ్లలోకి చూడటం, ఎరుపు కార్డు లేవకముందే ముగించడం ఏ భాషలో నేర్చినా ఇంకో భాషలోకి వెంట వస్తాయి. ఒకేసారి రెండు భయాలతో కుస్తీ పట్టించడం ఎందుకు? క్లబ్బు ఇంగ్లిష్‌లోనే నడవాలన్న నియమం సంస్థకు లేదు. అమెరికాలోనే తెలుగులో నడిచే క్లబ్బులున్నాయి. నెలకొక సభలో టేబుల్ టాపిక్స్ తెలుగులో పెట్టినా కొన్ని గొంతులు బయటికొస్తాయి.

తడబడేవాళ్లకే వంతులిస్తే చూడటానికొచ్చిన అతిథులు మళ్లీ రారన్నది కమిటీల ప్రధాన అభ్యంతరం. కొంత నిజమే. ఒక సాయంత్రం మూడు ప్రసంగాలూ తొలి ప్రసంగాలే అయితే సభ చప్పగా ఉంటుంది కాబట్టి ఒక అనుభవజ్ఞుణ్ని కలపాలి. అయితే అతిథుల్లో చాలామంది తామూ మాట్లాడలేమనుకునే వచ్చినవాళ్లు. అరడజను కప్పులున్న వక్తను చూసి వాళ్లు మెచ్చుకుంటారు, చేతిలో కాగితం వణుకుతున్నా పూర్తి చేసిన మనిషిని చూసి ఫారం అడుగుతారు. పోటీలు ఉత్సాహాన్నివ్వవా అంటే, ఇస్తాయి, ముఖ్యంగా అప్పటికే ఉత్సాహం ఉన్నవారికి. క్లబ్బు పనితీరు కొలవడానికి సంస్థ పెట్టే పది లక్ష్యాల్లో విద్యా లక్ష్యాలు కూడా నలుగురైదుగురు చురుకైనవారితోనే నెరవేరిపోతాయి. మిగతావాళ్లు నోరు విప్పకపోయినా ఆ క్లబ్బు కాగితం మీద భేషుగ్గా కనిపిస్తుంది.

అందరూ పెద్దవాళ్లే, చందా కట్టారు, కావాలంటే అడిగి తీసుకుంటారు కదా అన్నది మరో వాదన. పైకి గౌరవంగానే ఉంది. కానీ అడగడమే చేతకాక చేరినవారితో, అడిగితేనే ఇస్తామనడం కంటి ఆసుపత్రి గుమ్మంలో చిన్న అక్షరాలు చదివితేనే లోపలికి రండి అన్నట్టుంటుంది. అలాగని పట్టుబట్టి వేదిక ఎక్కించమనడం లేదు. వద్దనే హక్కు సభ్యుడికి ఉండాలి, ‘వచ్చే వారం టైమర్ మీరు’ అని ముందుగా చెప్పే బాధ్యత విద్యా విభాగం ఉపాధ్యక్షుడిది. వాట్సాప్ గ్రూపులో ‘రోల్ ఎవరు తీసుకుంటారు?’ అని పెడితే ముందు చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ అయిదుగురే. ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో రెన్యువల్ గడువులొస్తాయి. అప్పుడు కమిటీలు మానేసినవారి జాబితా చూసి ‘ఆఫీసు పని ఎక్కువైందట’ అని రాసుకుంటాయి. ఆ పేర్ల పక్కన ఇంకో గడి గీసి, ఒక్కొక్కరు చివరిసారి ఏ తేదీన మాట్లాడారో నింపాలి. ఆ గడులు ఖాళీగా మిగిలితే, కమిటీ తేల్చుకోవాల్సింది ఆఫీసు పని సంగతి కాదు.