డబ్బాపాలలో మేలుచేయు సూక్ష్మజీవులు

చంటిబిడ్డల పాల సంగతి వ్రాయుటకు వ్యవసాయాధికారికి పనియేమి అని మీరడుగవచ్చును. గడచిన ఖరీఫులో ఒక గ్రామమున వేరుశనగ విత్తనమునకు రైజోబియం కల్చరు పట్టించు పద్ధతి చూపుచుండగా, ఒక పెద్దాయన మనుమని కొరకు పట్నమున కొన్న పాలపొడి డబ్బా తెచ్చి చూపినాడు. "అయ్యా, మీ పొట్లములో ఉన్నట్లే దీనిలోను మేలుచేసే క్రిములున్నవట. అందుకే ధర ఎక్కువన్నాడు కొట్టువాడు. కోడలు నాట్లకు పోవాలి. ఇది పోసి తల్లిపాలు మాన్పించవచ్చునా?" అని అడిగినాడు.

వద్దని చెప్పితిని. కారణము వివరింతును.

ఆ సజీవ సూక్ష్మజీవులను ప్రోబయోటిక్కులనియు, వాటికి మేతయగు పీచు చక్కెరలను ప్రీబయోటిక్కులనియు అందురు. తల్లిపాలు త్రాగు బిడ్డల మలములో బిఫిడో జాతి సూక్ష్మజీవులు మెండుగానుండునని పారిస్ పాస్టర్ సంస్థలో హెన్రీ టిస్సియే 1900 నాటికే కనుగొనెను. తల్లిపాలలో నూరు రకములకు పైగా ప్రత్యేకమైన చక్కెరలున్నవి. వాటిని బిడ్డ జీర్ణించుకొనలేదు. అవి పెద్దప్రేగునకు చేరి ఈ సూక్ష్మజీవులకు ఆహారమగును. తల్లి బిడ్డతోపాటు వాటికిని మేత వేయుచున్నదన్నమాట! ఆవుపాలలో ఈ చక్కెరలు బహు స్వల్పము. అందుచేత కంపెనీలవారు ఒకటి రెండు రకములను తయారుచేసి పొడిలో కలుపుచున్నారు. నూటికి ఒకటి రెండు సాటియగునా?

ఇక సజీవ సూక్ష్మజీవుల సంగతి. వేరుశనగ కల్చరు సోయాచిక్కుడుకు పనికిరాదనియు, ఎండలో పెట్టిన పొట్లము వట్టి బొగ్గుపొడితో సమానమనియు మీకు తెలుసును. ఇక్కడను అంతే. ఏ జాతిలో ఏ రకము, ఎంత, బ్రతికియున్నదా అనునదే ముఖ్యము. పైగా ఒక చిక్కున్నది. పాలపొడి సూక్ష్మజీవిరహితము కాదు. అందులో క్రోనోబాక్టర్ వంటి ప్రమాదకరమైనవి ఉండవచ్చును గనుక, 70 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గని వేడినీటితో కలుపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సూచించినది. ఆ వేడికి కలిపిన మేలుజీవులును చచ్చును. చల్లార్చిన నీరు పోసిన రెండును బ్రతుకును. మన పల్లెల నీటిని ఎరిగినవాడను గనుక, నేనైతే వేడినీటినే ఎంచుకొందును. అప్పుడు ఆ క్రిముల కొరకు చెల్లించిన అదనపు ధర నీళ్ళపాలే.

అట్లని ఈ శాస్త్రమును కొట్టివేయరాదు. పొరుగున ఒడిశా పల్లెలలో 4,556 మంది శిశువులపై జరిగిన పరీక్ష ఫలితము 2017లో వెలువడినది. పుట్టిన కొద్దిరోజులలో ఒక లాక్టోబాసిల్లస్ రకమును దాని మేతతో కలిపి ఏడు దినములు పట్టగా, రక్తము విషమగుట లేక మరణము నూటికి 9 నుండి 5.4కు తగ్గినది. అయితే ఆ బిడ్డలు తల్లిపాలు త్రాగినవారే. అది డబ్బాపాల విజయము కాదు. నెలలు నిండని శిశువులకు ఇట్టివి అపాయకరము కావచ్చునని 2023లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించినది కూడ.

గ్రామాధికారులకొక మాట. 1992 చట్టము, 2003 సవరణ ప్రకారము శిశుపాల డబ్బాలకు ప్రకటనలు, ఉచిత నమూనాలు నిషిద్ధము. మీ ఊరి కొట్లలో ఒకసారి చూడుడు.

తల్లి లేని బిడ్డకు, వైద్యులు వ్రాసిన బిడ్డకు డబ్బాపాలు తప్పవు. దానికెవరిని నిందించవలదు. కాని దూడకు జున్నుపాలు త్రాగించనిదే పితుకని మంచి రైతులు, కోడలి ముర్రుపాలను పిండి పారబోయించుట నేటికిని చూచుచున్నాను. ఇది నాకు బోధపడదు.

నాట్లకు పోవు తల్లి పాలు పిండి, శుభ్రమైన మూతగిన్నెలో చల్లని చోట ఉంచిన నాలుగు గంటలలోగా ఉగ్గుగిన్నెతో పట్టవచ్చును. పెద్దాయనకు ఇదే చెప్పితిని. డబ్బా తిరిగి ఇచ్చివేయుదునన్నాడు. కొట్టువాడు పుచ్చుకొనెనో లేదో తెలియదు.