మీ లెక్కలో లేని కాలేజీలు

ఓబర్లిన్ పేరు విన్నారా? గ్రిన్నెల్? టార్కియో? పిల్లల్ని అమెరికా పంపాలని హైదరాబాదు నుంచి విజయవాడ దాకా కన్సల్టెన్సీల మెట్లన్నీ ఎక్కి దిగినవారికి కూడా ఈ పేర్లు తెలియకపోవచ్చు. చెప్పేవాళ్లు లేరు మరి. కానీ మన వంటింటి అల్యూమినియం గిన్నె, పెరట్లో నైలాన్ తాడు, జేబులో ఫోను, ఈ మూడింటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ పోతే ఒక్కొక్కటీ ఒక్కో చిన్న డిగ్రీ కాలేజీ గుమ్మం దగ్గరికి తీసుకెళ్తుంది. వస్తువులు ఇంటింటా ఉన్నాయి. వాటిని కనిపెట్టిన బుర్రలకు పదును పెట్టిన కాలేజీల పేర్లు మాత్రం ఎవరి నోటా లేవు. ఇంత కృతఘ్నత మనకెలా అబ్బింది?

ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ సంగతే చూడండి. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు అల్యూమినియం తొడిగారు. అప్పట్లో అది వెండితో సమానమైన ఖరీదు. ఆ రోజుల్లో ఫ్రాంక్ జూయెట్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ క్లాసులో పిల్లలతో, ఈ లోహాన్ని చవకగా తీసే దారి కనిపెట్టినవాడు లోకానికి మేలు చేస్తాడు, తానూ బాగుపడతాడు అన్నాడు. అని ఊరుకోలేదు. చార్లెస్ మార్టిన్ హాల్ అనే కుర్రాడికి తన ల్యాబులో చోటిచ్చాడు, సామాను అరువిచ్చాడు. 1885లో డిగ్రీ పుచ్చుకున్న హాల్ ఇంటి కట్టెల కొట్టంలో కొలిమి పెట్టి, అదే కాలేజీలో కెమిస్ట్రీ చదివిన అక్క జూలియా తోడుగా, 1886 ఫిబ్రవరి 23న కరెంటుతో అల్యూమినియం గుళికలు రాబట్టాడు. వయసు 22. అదే ఏడు ఫ్రాన్సులో ఎరూ అనే అతడు కూడా విడిగా అదే పద్ధతి కనుగొన్నాడనుకోండి. ప్రపంచంలో అల్యూమినియం నేటికీ వాళ్లిద్దరి పేరు మీదున్న పద్ధతిలోనే తయారవుతోంది.

గ్రిన్నెల్ అయోవా మొక్కజొన్న చేల నడుమ ఉంటుంది. ఇవాళ్టికీ అక్కడి విద్యార్థులు రెండు వేల మంది లోపే. ట్రాన్సిస్టర్ సంగతి 1948లో బయటి ప్రపంచానికి తెలిసీ తెలియగానే అక్కడి ఫిజిక్స్ మాస్టారు గ్రాంట్ గేల్ దాన్ని కనిపెట్టిన బెల్ ల్యాబ్స్ వెంటపడ్డాడు, పరికరాల కోసం, సమాచారం కోసం. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల సిలబస్సుల్లోకి ఆ మాట ఇంకా రాని రోజుల్లో తన పిల్లల ముందు ఆ విషయం పెట్టాడు. ఆ పిల్లల్లో ఒకడు రాబర్ట్ నోయిస్. ఈ నోయిస్ బుద్ధిమంతుడేం కాదు. హాస్టల్ విందు కోసం ఒక రైతు పందిని ఎత్తుకొచ్చి చిక్కుల్లో పడ్డాడు. గేల్ లాంటివాళ్లు అడ్డుపడబట్టి ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో బయటపడ్డాడు. మన దగ్గరైతే టీసీ చేతిలో పెట్టి, నాన్నగారిని పిలిపించి, కథ అక్కడితో ముగించేవాళ్లు. అతడు 1949లో డిగ్రీ పూర్తిచేసి, తరవాత ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను, అంటే చిప్‌ను, రూపొందించిన ఇద్దరిలో ఒకడయ్యాడు. 1968లో ఇంటెల్ స్థాపించినవారిలోనూ ఒకడు. ఆ చిప్పే లేకపోతే మాదాపూర్ ఏది? డాలర్ జీతాలేవి? ఊళ్లో లేచిన మేడలేవి? తెలుగువాడి అన్నం గిన్నెలో గ్రిన్నెల్ మెతుకు ఉంది. ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందో చెప్పగలిగిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు మనలో ఎంతమంది?

ఇదంతా గాలివాటంగా జరిగిందనుకునేవారికి అక్కడ పని ఎలా సాగుతుందో చెప్పాలి. ఈ లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో చాలావాటిలో పీహెచ్‌డీ విద్యార్థులే ఉండరు. లోకం దాన్ని లోటంటుంది. నేను భాగ్యమంటాను. ప్రొఫెసర్ బుర్రలో ఒక ప్రశ్న తొలుస్తుంటే, దాని కోసం పిపెట్ పట్టుకోవడానికి డిగ్రీ రెండో ఏడు పిల్ల తప్ప మరో దిక్కు లేదు. కాబట్టి ఆ పిల్లకే నేర్పాలి. ఆమె తప్పు చేస్తే తానే పక్కన నిలబడి మళ్లీ చేయించాలి. వేసవి సెలవుల్లో స్టైపెండ్ ఇచ్చి అక్కడే ఉంచుకోవాలి. ఫలితం వస్తే పేపరు మీద తన పేరు పక్కన ఆమె పేరూ వేయాలి. పెద్ద విశ్వవిద్యాలయాల ల్యాబులూ డిగ్రీ పిల్లల్ని రానిస్తాయి, కాదనను. అయితే పోస్ట్‌డాక్‌లు, పీహెచ్‌డీలు అయ్యాక వరస చివర నిలబడాలి.

పోర్ట్‌లాండ్‌లోని రీడ్ కాలేజీలో 1968 నుంచి ఒక అణు రియాక్టర్ నడుస్తోంది. నడిపేది డిగ్రీ విద్యార్థులు! ప్రభుత్వ అణు నియంత్రణ సంస్థ పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. వాళ్లలో సాహిత్యం, తత్వశాస్త్రం చదివేవాళ్లూ ఉంటారు. ఒహాయోలోనే ఉన్న వూస్టర్ కాలేజీలో 1940ల నుంచీ ప్రతి విద్యార్థీ ఒక గురువు దగ్గర కూర్చుని సొంత పరిశోధన చేసి గ్రంథం రాయాల్సిందే. తెలివైనవాళ్లు మాత్రమే కాదు, ప్రతి ఒక్కరూ. జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతికి 2020లో నోబెల్ పొందిన జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ రోజుల్లో ల్యాబులో చెయ్యి తిప్పింది కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో, షారన్ పనసెంకో అనే అధ్యాపకురాలి దగ్గర. 1989లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న థామస్ చెక్ మళ్లీ గ్రిన్నెల్ పిల్లవాడే. తలసరి లెక్కన చూస్తే సైన్సులో పీహెచ్‌డీ దాకా వెళ్లేవాళ్లు ఈ కాలేజీల నుంచి దాదాపు రెట్టింపు అని ఆయన 1999లోనే రాశాడు. ఇంకేం రుజువు కావాలి?

అయ్యా, ర్యాంకులు కట్టే పెద్దలూ, మీరు ఏం చేశారు? పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులు లేని సంస్థ మీ ప్రపంచ జాబితాలో అడుగే పెట్టలేదు. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు, ఎంతమంది డాక్టరేట్లు? ఇవీ మీ కొలతలు. ఇరవయ్యేళ్ల పిల్ల మొదటిసారి ఒక తప్పుడు రీడింగ్ ముందు కూర్చుని, అది తప్పెందుకైందని మూడు వారాలు కొట్టుకుని తేల్చుకుంటే దానికి మీ పట్టికలో గడి ఉందా? లేనప్పుడు అది నాణ్యతను కొలిచే పట్టిక ఎలా అవుతుంది?

ఆ పట్టికను దేవుడి పటంలా గోడకు తగిలించుకున్నది మనం. 'ర్యాంకు ఎంత', 'ప్యాకేజీ ఎంత' అన్న రెండు ప్రశ్నలతో పిల్లల జాతకాలు తేల్చేస్తున్నది మనం. ఈ కాలేజీల ఫీజులు తక్కువేమీ కావు, నిజమే. అయితే ఆమ్‌హెర్స్ట్ వంటి కాలేజీ విదేశీ విద్యార్థి దరఖాస్తును సైతం ఇంటి ఆదాయంతో ముడిపెట్టకుండా పరిశీలించి సీటిస్తుందని మనకు ఏ ఏజెంటూ చెప్పడు. అతడికి అక్కడి నుంచి కమీషన్ రాదు గనక. ఇక పరిశోధన అంటారా? మన పిల్లలకు దాని రుచి ఎక్కడ చూపించాం? సీనియర్ రికార్డు చూసి దించడం, రావలసిన జవాబు ముందే రాసుకుని రీడింగులు వెనక నుంచి లెక్కగట్టడం, చివరి ఏడాది ప్రాజెక్టు అమీర్‌పేటలో బేరమాడి కొని తెచ్చుకోవడం. ఇది తెలిసీ చూసీ చూడనట్టు సంతకం పెట్టే గైడ్లు, ఆ ప్రాజెక్టుకే మార్కులు వేసే ఎగ్జామినర్లు! సిగ్గుపడాల్సింది పిల్లలా?

అమెరికా మాత్రం తన బంగారాన్ని తాను గుర్తించిందా అంటే అదీ లేదు. నైలాన్ కనిపెట్టిన వాలెస్ కరోథర్స్ చదివింది మిస్సోరిలోని టార్కియో కాలేజీ. చదువుతుండగానే అతడి చేత కెమిస్ట్రీ పాఠాలు చెప్పించిన కాలేజీ అది. విద్యార్థినే అధ్యాపకుడిగా నిలబెట్టగల ఆ నమ్మకానికి లోకం కట్టిన వెల ఏమిటి? 1992లో ఆ కాలేజీ మూతపడింది. వెర్మాంట్‌లో మార్ల్‌బరో కాలేజీ, చదువు చివర ప్రతి విద్యార్థి చేతా స్వతంత్ర అధ్యయనం చేయించిన చోటు, 2020లో తలుపులు వేసింది. 1868లో పుట్టిన వెల్స్ కాలేజీ, 1856లో పుట్టిన బర్మింగ్‌హామ్ సదరన్ కాలేజీ రెండూ 2024లోనే పోయాయి. కోట్ల డాలర్లు పోసి ఫుట్‌బాల్ స్టేడియాలు కట్టుకునే దేశంలో వీటిని నిలబెట్టడానికి చేతులు రాలేదు. ఒక్క ల్యాబు మూతపడితే ఎన్ని ప్రశ్నలు అడక్కుండా పోతాయో లెక్కగట్టే ఆడిటర్ ఎక్కడైనా ఉన్నాడా?

ఇప్పుడు మన ఏలినవారి దగ్గరికొద్దాం. నాలుగేళ్ల డిగ్రీ తెచ్చారు, 'పరిశోధనతో కూడిన ఆనర్స్' అని పేరూ పెట్టారు. పేరు చూసి సంతోషించాం. తీరా 2022 నాటి యూజీసీ చట్రం విప్పి చూస్తే, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లకే ఆ దారి! ఎవరు చెప్పారండీ మీకు, పరీక్ష బాగా రాసేవాడే ప్రశ్న బాగా అడుగుతాడని? వూస్టర్ ప్రతి విద్యార్థికీ ఇచ్చినదాన్ని మీరు మార్కులకు బహుమానం చేశారు. మనూళ్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివే పిల్ల 68 దగ్గర ఆగిపోతే, వాళ్ల ఊరి చెరువు నీళ్లెందుకు పచ్చబడ్డాయో తేల్చే హక్కు ఆమెకు పోతుందా? ఆ ప్రశ్న ఆమెది. ఆ నీళ్లు తాగేది ఆమె. పోనీ 75 దాటిన పిల్లకైనా పక్కన కూర్చునే మాస్టారేరీ? పీరియడ్‌కు ఇంతని లెక్కగట్టి ఇచ్చే గెస్ట్ ఫ్యాకల్టీని వేసవిలో ల్యాబుకు రమ్మని ఏ ముఖంతో పిలుస్తారు?

ఆ 75 గీత చెరిపేయండి. ఖాళీలు నింపండి. జిల్లాకు ఒక్క డిగ్రీ కాలేజీనైనా తీసుకుని, చివరి ఏడాది ప్రతి పిల్లకీ జవాబు ఇంకా ఎవరికీ తెలియని ఒక ప్రశ్న, దాని మీద తనతో కూర్చునే ఒక మాస్టారు, వేసవి రెండు నెలలకు హాస్టల్ అన్నం, చిన్న స్టైపెండ్ ఇవ్వండి. కొత్త భవనం అడగడం లేదు, శంకుస్థాపన రాయి అడగడం లేదు. అందుకేనా ఇంతవరకూ ఎవరూ జీవో ఇవ్వలేదు?