దేవుళ్ళకి డోర్ నంబర్లు ఎందుకు?

మా ఆదివారం ఆటలో ఒకమ్మాయి క్లెరిక్ పాత్ర ఆడుతోంది. లోకం పేరు ఎబెరాన్. ఆ పాత్ర పుట్టిన సైర్ దేశం ఒక్క రోజులో సర్వనాశనమైపోయింది. అప్పట్నుంచీ ఆమె ప్రతి రాత్రీ పడుకునేముందు తన దేవుణ్ణి ఒకటే అడుగుతుంది: “ఉన్నావా?” జవాబు రాదు. అయినా ఆమె చెయ్యి వేస్తే గాయాలు మానిపోతాయి. మూడు నెలలుగా మా ఆటంతా ఈ ముడి చుట్టూనే తిరుగుతోంది.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడికి రూల్ పుస్తకాలన్నీ కంఠతా వచ్చు. “దానికింత బాధెందుకక్కా? దేవుళ్ళు ఉన్నారుగా, గ్రేట్ వీల్‌లో. ఎబెరాన్ కూడా అందులోదే, పుస్తకంలో రాసుంది” అన్నాడు. ఆ అమ్మాయి పాచిక కింద పెట్టేసింది.

అతను అబద్ధం చెప్పలేదు. పుస్తకంలో అలాగే ఉంది. నా గొడవ ఆ పుస్తకంతోనే.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో లోకం కట్టుకుంటూ పోయారు: గ్రేహాక్, క్రిన్, ఫెరూన్, ఆథస్. ఎవరి దేవుళ్ళు వాళ్ళవి. ఆథస్‌లో అయితే దేవుళ్ళే లేరు. ఇంకోపక్క, గ్యారీ గైగాక్స్ 1977లో ఒక పత్రికా వ్యాసంలో వేసిన ప్లేన్ల నమూనా పెరిగి పెరిగి గ్రేట్ వీల్ అయింది. మంచి, చెడు, క్రమం, అరాచకం అనే లెక్కన స్వర్గనరకాలన్నిటినీ గుండ్రంగా పేర్చిన చక్రం అది. 1989లో స్పెల్‌జామర్ వచ్చి ఈ లోకాల మధ్య ఓడలు నడిపింది. 1994లో ప్లేన్‌స్కేప్ వచ్చి చక్రం నడిమధ్యన సిజిల్ అనే నగరాన్ని పెట్టి, అక్కణ్ణుంచి అన్నిచోట్లకీ తలుపులు తెరిచింది. అలా ప్రతి లోకానికీ ఒక అడ్రసు వచ్చిపడింది.

అడ్రసు వస్తే నష్టమేంటి అంటారా? ఫెరూన్‌ని చూడండి. 2001లో దానికి సొంతంగా ఒక విశ్వవృక్షం ఇచ్చారు. 2008లో రూల్స్ మారాయి, చెట్టు పోయి పైన ఒక సముద్రం, కింద ఒక గందరగోళం వచ్చాయి. 2014లో మళ్ళీ చక్రమే. పదమూడేళ్ళలో ఒక లోకం తాలూకు ఆకాశం మూడు రకాలు! ఆ లోకపు మనుషులు ఎవరూ కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. ఎడిషన్ మారింది, అంతే.

ఎబెరాన్ కథ ఇంకా ఘోరం. 2002లో జరిగిన పోటీకి పదకొండు వేలకి పైగా ప్రతిపాదనలొస్తే అందులోంచి నెగ్గిన లోకం ఇది. కీత్ బేకర్ సృష్టి. 2004లో పుస్తకంగా వచ్చినప్పుడు దీనికి సొంతంగా 13 ప్లేన్లున్నాయి. అసలు గొప్పతనం అది కాదు. ఈ లోకంలో దేవుళ్ళు నడిచి రారు. ఉన్నారో లేరో ఎవరూ తేల్చలేరు. భక్తుడికి శక్తి మాత్రం వస్తుంది. అది దేవుడిదా, నమ్మకానిదా? ఆ ప్రశ్నని తెరిచే ఉంచారు. 2019 నాటి పుస్తకం వచ్చి, ఎబెరాన్ కూడా గ్రేట్ వీల్‌లో భాగమే, కాకపోతే మిగతా విశ్వం నుంచి మూసేసి ఉంది అని సర్దిచెప్పింది.

గోడ కట్టాం కదా, ఇంకేం బాధ అని వాళ్ళ ఉద్దేశం. బాధంతా ఆ గోడే. గోడకి అవతల దేవుళ్ళు ఉన్నారని చెప్పాక ఇవతలి సందేహం సందేహం కాదు, సమాచారలోపం. మా క్లెరిక్ రాత్రిళ్ళు పడే వేదన కాస్తా సిగ్నల్ అందని ఫోన్ సంగతి అయిపోయింది.

“పాత్రకి తెలియదు కదా, ఆడేవాళ్ళకి తెలిస్తే ఏమైంది?” అంటారు. ఆ పాత్రకి వేరే గుండె ఉందా? ఆడేవాళ్ళదేగా! జవాబు తెలిసి అడిగే ప్రశ్న నటన. తెలియక అడిగేదే ఆట.

లోకాలు కలిస్తే సరదాగా ఉంటుందన్నది నేనూ ఒప్పుకుంటాను. ప్లేన్‌స్కేప్ నాకు ప్రాణం. కానీ అది ఎందుకు బాగుంటుంది? సిజిల్‌లో ప్రతి వర్గానికీ విశ్వం గురించి సొంత వాదన ఉంటుంది. అథార్ అనే వర్గమైతే దేవుళ్ళని చెప్పుకునేవాళ్ళెవరూ నిజమైన దేవుళ్ళు కారంటుంది, చక్రం నడిబొడ్డున నిలబడి! పటం గీసినవాళ్ళే అక్కడ పటం మీద తగవు పెట్టారు. తర్వాతివాళ్ళు పటం ఉంచుకుని తగవు వదిలేశారు.

ఈ ఆట మన దేవుళ్ళనీ వదల్లేదు. 1980 నాటి ‘డీటీస్ అండ్ డెమిగాడ్స్’లో ఇంద్రుడికీ అగ్నికీ హిట్ పాయింట్లు ఇచ్చారు. నాకేం మనోభావాలు దెబ్బతినలేదు, నవ్వొచ్చింది. గ్రీకు జ్యూస్‌నీ మన ఇంద్రుణ్ణీ ఒకే తక్కెడలో తూస్తే ఇద్దరూ అర్థం కారు. మనవాళ్ళకీ ఈ చిక్కు వచ్చింది. తిరుపతి గంగమ్మ ఒకరు, కొండమీది వెంకన్న ఒకరు. మనవాళ్ళు ఏం చేశారు? ఆమె ఆయనకి చెల్లెలన్నారు. జాతరకి కొండమీంచి సారె వస్తుంది. వరస కలిపారు. గంగమ్మ కథ గంగమ్మదే, వెంకన్న కథ వెంకన్నదే. ఎవరు ఏ గడిలో ఉంటారో పట్టిక రాయలేదు.

డీఎంలకి నేను చెప్పేదీ అదే. వరస కలపండి, పటం గీయకండి. ఫెరూన్ మాంత్రికుడొకడు ఎబెరాన్‌లో ఊడిపడి “మా దేవతని కళ్ళారా చూశాను” అన్నాడనుకోండి. నిజం చెప్తున్నాడని పుస్తకం తెరిచి తేల్చకండి. ఎబెరాన్ వాళ్ళు తమ లెక్కన అర్థం చేసుకోనివ్వండి: పాపం, పిచ్చికి పుట్టిల్లైన జోరియాట్ గాలి సోకిందేమో అంటారు. అతని లెక్కన వీళ్ళే గుడ్డివాళ్ళు. ఇద్దరిలో ఎవరు కరెక్టో చెప్పే మూడో గొంతు టేబుల్ దగ్గర ఉండకూడదు. అది డీఎం గొంతైనా సరే.

ఆ ఆదివారం నేను కుర్రాడితో, “ఆ పేజీ మన ఆటలో లేదు తమ్ముడూ” అన్నాను. గునిశాడు, ఒప్పుకున్నాడు. అమ్మాయి పాచిక తీసుకుంది. రాత్రి అయింది. “ఉన్నావా?” అని అడిగింది. అందరూ నా మొహంలోకి చూశారు. నాకూ తెలియదు.